పెద్దావిడ నీళ్ళకు వెళ్ళింది

రండమ్మా, రండి. ఆ బెంచీ ఇంకాస్త ఇటు లాగండి, తలుపు సందులోంచి గాలి కొడుతోంది. వెనకాలున్నవాళ్ళు కూడా ముందుకి జరగండి. నా గొంతు పూజలో పాటకి సరిపోతుంది గానీ గాలితో పోటీపడలేదు. ప్రభువు మనకి ఇవాళ రొట్టె ఇచ్చాడు, పొయ్యిలో నిప్పిచ్చాడు, వినడానికి చెవులిచ్చాడు. ఆయనకో దణ్ణం పెట్టుకుని మన నొయెలీ సంగతి చెబుతాను. తెలిసినవాళ్ళు తెలియనట్టే కూర్చోండి. మధ్యలో అందుకోకండి.

మన సెరివాల్‌లో వేసవి పొద్దు పాత బడి తలుపు చప్పుడుతో మొదలయ్యేది. చదివే పిల్లలు లేక బడి మూతపడ్డాక ఊరి కౌన్సిల్ వాళ్ళు అందులో సైకిళ్ళు పెట్టించారు. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి వాటిని అద్దెకివ్వమని నొయెలీ బ్వాసొనాద్‌ని కూర్చోబెట్టారు. ఉండడానికి పైగది ఇచ్చారు. అంతకుముందు ఆమె కింద లోయలో, చీజ్ ఫ్యాక్టరీలో పనిచేసేది. పొద్దున్నే కిటికీ లేని గదిలోకి వెళ్ళి సాయంత్రం బయటికొచ్చే పని ఆమెకి పడలేదు. మిట్ట మీద పుట్టిన మనిషి. నాలుగువైపులా ఆకాశం కనబడకపోతే తిండి సయించదు.

రోజూ ఒకటే పని. టైర్లు నొక్కి చూసేది, గాలి కొట్టేది, గొలుసులకి నూనె పెట్టేది. వచ్చినవాళ్ళ కాళ్ళ పొడవు చూసి సీటు ఎత్తేది, దించేది. తరవాత చెయ్యి చాచి దారి చెప్పేది. "ముందు కప్పు లేని పాత గుడి వస్తుంది. అది దాటి అంచుదాకా పోతే లోయ మీద రాబందులు తిరుగుతుంటాయి. అక్కడ మాత్రం సైకిల్ దిగి నడవండి, గాలి తోసేస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఎడంచేతివైపు దిబ్బ మీద నిలువురాయి. ఆ దిబ్బ కిందే గొర్రెల కుంట."

వాళ్ళు హుషారుగా తొక్కుకుంటూ పోయేవాళ్ళు. మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చేవాళ్ళు.

ఒకరోజు లిల్ పట్నం నుంచి ఓ మొగుడూపెళ్ళాం వచ్చారు. తిరిగొచ్చాక ఆయన హెల్మెట్ తీసి బల్ల మీద పడేశాడు.

"మదాం, అక్కడ గుంట ఉంది. రాయి లేదు."

"పెద్దావిడ నీళ్ళకు వెళ్ళింది," అంది నొయెలీ గొలుసు తుడుస్తూనే.

"ఎప్పుడొస్తుంది?"

"దాహాన్ని బట్టి."

"మేం వెళ్ళినప్పుడే వెళ్ళాలా?"

"ఎండెక్కాకే కదా మస్యో, ఎవరికైనా నాలిక పిడచగట్టేది. మీరు మాత్రం సీసా ఖాళీ చేసుకుని రాలేదూ?"

ఆయన భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. "కుంట దగ్గరికీ వెళ్ళాం. అక్కడా లేదు."

"అయితే తిరుగుదారిలో ఉండుంటుంది. ఆవిడ రోడ్డు మీద నడవదు, గడ్డిలోంచి వస్తుంది. లేదా కుంటలో నీళ్ళు చాలక అవతలి కుంటకి పోయిందేమో."

"చూడాల్సిన చోటు అన్నాక వేళలుండవా? బోర్డు పెట్టలేరా? ఇంత దూరం ఎదురుగాలిలో తొక్కింది గుంట చూడ్డానికా?"

నొయెలీకి ఆయన మీద కోపం రాలేదు. ఆయన అడిగింది న్యాయమే అనిపించింది. అందుకే పెద్దావిడ మీద ఒళ్ళు మండింది.

మనకైతే పెద్దావిడ, ఆ నిలువురాయి, సంగతి కొత్త కాదు. మన తాతల కాలం నుంచీ ఎండాకాలం ఆవిడ గుంటలోంచి లేచి కుంటకి వెళ్తుంది, ఒంగి తాగుతుంది, తన దారిన తనే వెనక్కొచ్చి నిలబడుతుంది. గొర్రెలు ఆవిడ నీడ పట్టుకుని నడుస్తాయి. మనకి ఎదురొస్తే బండి ఆపి దారిస్తాం. గొర్రెలు కాసే ఫుల్క్రాన్ తాతయితే టోపీ తీస్తాడు, మేయరమ్మకి కూడా తియ్యనివాడు. కానీ ఆ ఏడు ఎండలు మహా చెడ్డగా కాశాయి. కుంట అడుగున రాళ్ళు తేలాయి. పెద్దావిడ పొద్దున పోతే పొద్దు వాలేదాకా రావడం లేదు. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళకి దొరికేది సరిగ్గా ఆ మధ్య వేళే.

నొయెలీ చెయ్యని ప్రయత్నం లేదు. తెల్లారకముందే తలుపు తీసి కూర్చుంది. సెలవులకి వచ్చినవాళ్ళు తెల్లారకముందు లేస్తారా? సాయంత్రం రమ్మంది. సాయంత్రం వాళ్ళకి భోజనం మీద ధ్యాస. చివరికి దారి తిరగేసింది, ముందు రాయి, తరవాత లోయ, ఆఖర్న గుడి అని. ఆ వారమే పెద్దావిడ కూడా దారి తిరగేసి, ముందు అవతలి కుంటకి పోయి తరవాత ఇవతలి కుంటకి రావడం మొదలుపెట్టింది.

"నా మీద పగబట్టింది తాతా," అంది నొయెలీ ఫుల్క్రాన్ తాతతో.

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. "ఆవిడకి నువ్వెవరో తెలిస్తే కదా పిల్లా, పగబట్టడానికి."

"నువ్వు చెబితే వింటుందేమో. రోజూ పలకరిస్తావుగా."

"ఈలేస్తే రావడానికి ఆవిడేమన్నా గొర్రా? అయినా నా గొర్రెలే నా మాట వినవు."

ఈ విసుగు చాలదన్నట్టు, ఆదివారం పూజ అయ్యాక మేయరు రెజీన్ పజేస్ ఆమెని చర్చి మెట్ల మీద పట్టుకుంది. మన మేయరమ్మ సంగతి తెలుసుగా, మంచి చెప్పేటప్పుడు కూడా మందలిస్తున్నట్టే ఉంటుంది.

"నొయెలీ, కింద లోయలో దారులు వేయించే ఆఫీసు నుంచి మనిషొస్తున్నాడు. గురువారం. మిట్ట మీద ఊళ్ళన్నీ కలుపుతూ సైకిల్ దారి వేస్తున్నారట. అది మన ఊరి మీంచి పోవాలా, అటు లావెన్యాక్ మీంచి పోవాలా అని తేల్చేది ఆయనే."

"మన మీంచి పోకపోతే?"

"పోకపోతే ఎవరొస్తారు ఇక్కడికి? సెప్టెంబరు ఆఖరుకి బడిలో సైకిళ్ళ పని మూసెయ్యాలంటున్నారు కౌన్సిల్లో. నేనొక్కదాన్ని ఎంతకని వాదించను? నీ పైగదిని కూడా అడుగుతున్నారు, గోధుమ విత్తనం పోసుకోడానికి." కాస్త ఆగి గొంతు తగ్గించింది. "వచ్చిన ఫిర్యాదులన్నీ ఒక్కటే. రాయి లేదని. గురువారం ఒక్కరోజు ఆవిణ్ణి చోటులో నిలబెట్టు తల్లీ. ఎలాగో నన్నడక్కు."

గది పోతే నొయెలీకి ఉన్నది మొన్‌పెలియేలో అక్క ఇల్లు. హోటల్ దుప్పట్లు ఉతికే పని చూసి పెడతానని అక్క ఎప్పట్నుంచో పిలుస్తోంది. నేల కింద గది అట అది. నొయెలీ ఆ మాట తలుచుకుంటేనే కాలర్ వదులు చేసుకునేది.

ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో ఆమెకే తెలియాలి. పొద్దున్నే మాత్రం ఒక నిర్ణయానికొచ్చింది. ఆవిడ నీళ్ళకు వెళ్ళకుండా ఉండాలంటే నీళ్ళే ఆవిడ దగ్గరికి వెళ్ళాలి.

ఇది విని మీరు తలూపుతున్నారు, అందులో ఏముందని. ఉంది. మన మిట్ట మీద వాన పడితే నేల పీల్చేసుకుని లోయకి పంపేస్తుంది, మనకో చుక్క మిగల్చదు. ఇంటి కప్పు మీద పడిన వాన తొట్టిలోకి దిగితే అదే మన ప్రాణం. గడప తొక్కినవాడికి అడక్కుండానే వైన్ పోస్తాం. నీళ్ళడిగితే మాత్రం పోసేముందు తొట్టి వైపు ఒక్క చూపు చూస్తాం. కుంట గొర్రెలదీ పెద్దావిడదీ, తొట్టి మనుషులదీ. తొట్టి నీళ్ళు తీసుకెళ్ళి రాయికి పోసినవాళ్ళు మన ఊళ్ళో అప్పటిదాకా లేరు.

నొయెలీ బడి తొట్టిలోంచి రెండు పెద్ద క్యాన్లు నింపింది. సైకిల్ వెనక పిల్లల్ని కూర్చోబెట్టే చిన్న బండి తగిలించి, అందులో క్యాన్లు పెట్టి తాళ్ళు కట్టింది. ఊరు దాటగానే గాలి ఎదురొచ్చింది. దిబ్బ ఎక్కేచోట గులకరాళ్ళ మీద చక్రం జారి బండి పక్కకి ఒరిగింది. ఒక క్యాన్ మూత ఊడింది. నీళ్ళు నేలలోకి ఎలా పోయాయో చూస్తూ నిలబడిపోయింది. చేత్తో తోడుకోడానికైనా మిగల్లేదు. పోయినంత పోగా మిగిలింది తీసుకెళ్ళి రాయి మొదట్లో పోసింది. పెద్దావిడ అప్పటికే గుంటలోంచి సగం లేచి ఉంది. నీళ్ళు తగలగానే ఆగింది. తాగింది. ఇంకా కావాలన్నట్టు ఒక్క క్షణం ఉండి, చాలక, లేచి కుంటకి వెళ్ళిపోయింది.

"నీ కాళ్ళు విరగ," అంది నొయెలీ. తరవాత శిలువ గుర్తు వేసుకుంది, పెద్దావిణ్ణి అన్నానని.

మర్నాడు మూతలకి గుడ్డ చుట్టి బిగించింది. రొట్టెల వ్యాను దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఆమె తోసుకుంటూ పోవడం చూశారు.

"ఏమే, రాయికి స్నానం కూడా చేయిస్తావా? సబ్బిమ్మంటావా?"

"నీ తల చూస్తే ముందు నీకు చేయించాలి. ఎన్నాళ్ళైందే తల మీద నీళ్ళు పోసుకుని?" అంది పక్కనున్న ఇంకొకావిడ, నొయెలీతోనే.

నిజమే. తొట్టిలో నీళ్ళు దిబ్బకి పోతుంటే నొయెలీ తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటోంది. పెడల్ మీద నిలబడి తొక్కింది. ఆ రోజు రెండు క్యాన్లూ పూర్తిగా పోసింది. నేల గటగటా మింగింది. పెద్దావిడ గుంటలో సర్దుకుని కూర్చుంది, మళ్ళీ లేవలేదు. అది మంగళవారం. బుధవారం అంతే. లిల్ నుంచి కాదు గానీ ఇంకెక్కణ్ణించో వచ్చినవాళ్ళు రాయి పక్కన నిలబడి ఫోటోలు తీసుకుని వచ్చారు. నొయెలీ ఆ వారంలో మొదటిసారి పాట కూనిరాగం తీసింది.

గురువారం ప్రిజాన్ అనే ఆ లోయ ఆఫీసు మనిషి వచ్చాడు. పడమటి సముద్రం ఒడ్డువాడు, నిలువురాళ్ళు వరసలు వరసలుగా ఉండే దేశం వాడు. మర్యాదస్తుడు. సొంత సైకిల్ తెచ్చుకున్నాడు, దాని మీద దుమ్ము లేదు. నొయెలీ ముందు, ఆయన వెనక.

ఆ రోజు ఏదీ సవ్యంగా జరగలేదు. పాత గుడి దగ్గర ఆయన టైరుకి ముల్లు దిగింది. నొయెలీ మోకాళ్ళ మీద కూర్చుని పంక్చరు వేస్తుంటే ఆయన నీడలో నిలబడి ఓపిగ్గా చూశాడు. అంచు దగ్గర రాబందులు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. "నిన్న ఆకాశం నల్లగా ఉంది వాటితో," అంది నొయెలీ. "ఉండుంటుంది లెండి," అన్నాడాయన. తిరుగుదారిలో ఫుల్క్రాన్ తాత గొర్రెలు రోడ్డంతా పరుచుకుని కదలనంటే కదలనన్నాయి. "అదిలించొచ్చుగా తాతా," అని పళ్ళ బిగువున అడిగింది. "అదిలిస్తూనే ఉన్నానుగా," అన్నాడాయన, కర్ర చంకలో పెట్టుకుని.

పోనీలే, పెద్దావిడ ఉంది కదా అనుకుంది. ఉంది. దిబ్బ ఎక్కగానే ఎదురుగా, గుంటలో నిటారుగా, చర్చి తలుపంత ఎత్తున. నొయెలీ పక్కకి తప్పుకుని, వంటకం మీద మూత తీసినట్టు చెయ్యి చూపించింది.

ఆయన సైకిల్ దిగాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. నిలబడ్డాడు. గడియారం చూశాడు.

"ఎప్పుడు బయల్దేరుతుంది?"

"ఎవరు?"

"ఇదే. నీళ్ళకు వెళ్తుందన్నారు కదా. సైకిళ్ళవాళ్ళు దీని వెంట కుంటదాకా మెల్లగా వెళ్ళేట్టు దారి గీయొచ్చని నా ఆలోచన. అది చూద్దామనే నేను స్వయంగా వచ్చింది."

నొయెలీ తను పొద్దున నీళ్ళు పోసిన చోటు వైపు చూసింది. ఎండ నడినెత్తిన ఉంది. పెద్దావిడ అడుగున మట్టి చల్లగా, తడిగా ఉంది.

"ఫిర్యాదులన్నీ రాయి లేదనే కదా," అంది.

"లేదని వాళ్ళకి కోపం. ఎటు వెళ్ళాలో ఎవరూ చెప్పలేదని. అది సరిచెయ్యడం పెద్ద పనేం కాదు. కానీ అసలు వెళ్ళాలి కదా."

"వెళ్తుంది మస్యో. రోజూ వెళ్తుంది. ఈ వారమే నేను... కాస్త ఉండండి."

ఉన్నారు. ఇద్దరూ గడ్డిలో కూర్చున్నారు. ఆమె తెచ్చిన రొట్టే గొర్రెపాల చీజూ తిన్నారు. నొయెలీ లేచి రాయి చుట్టూ తిరిగింది. ఆయన అటు చూస్తున్నప్పుడు భుజంతో తోసింది కూడా. పెద్దావిడ దాహం తీరిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది.

"మా వైపు ఇలా నిలబడే రాళ్ళు చాలా ఉన్నాయి మదాం," అన్నాడు ప్రిజాన్ లేస్తూ. ఎగతాళిగా కాదు, పాపం, జాలిగానే. "నేను చూసినదాన్ని బట్టే చెప్పాలి. నాకు రైలుంది."

ఆ తరవాతి ఆదివారం చర్చి మెట్ల మీద మేయరమ్మ ఏం చెప్పిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. దారి లావెన్యాక్ మీంచి.

"చోటులో నిలబెట్టమన్నావు," అంది నొయెలీ. "నిలబెట్టాను."

"నిలబెట్టావు తల్లీ. నిన్నేమనను? నన్ను నేనేమనుకోను?" మేయరమ్మ తన పర్సు తాడు వేలికి చుట్టి విప్పింది. "బడిలో సైకిళ్ళు ఉంచడానికి కౌన్సిల్ ఒప్పుకోలేదు."

ఆ రోజు నుంచి నొయెలీ దిబ్బ వైపు తల తిప్పలేదు. సైకిళ్ళు ఒక్కొక్కటే తుడిచి గోడకి నిలబెట్టింది. మేయరమ్మ వచ్చి వాటన్నిటికీ గొలుసు వేసి తాళంచెవి తీసుకుపోయింది. నొయెలీ అక్కకి ఫోను చేసింది. లోయకి దిగే బస్సు ఏ పొద్దున వస్తుందో కనుక్కుంది. పైగదిలో పెట్టె సర్దుకుంటుంటే కిటికీ లోంచి ఆకాశం కనబడుతోందని తలుపు రెక్క దగ్గరికి వేసింది.

బస్సుకి ముందురోజు మధ్యాహ్నం ఫుల్క్రాన్ తాత వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. టోపీ తియ్యలేదు.

"కుంటలో నీళ్ళు తగ్గడం లేదు పిల్లా."

"సంతోషం. నీ గొర్రెలకి చాలు."

"ఆవిడ రావడం లేదు. నువ్వు మానేసినప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉంది."

"దాహం లేదేమో."

"దాహం లేకపోవడమేం? మీద పాకిన నాచు రేకులు రేకులుగా ఊడుతోంది. మొదట్లో నేల నెర్రెలిచ్చింది. నువ్వు తెస్తావని చూస్తోంది."

నొయెలీ మడతపెడుతున్న చొక్కా పెట్టెలోకి విసిరింది. "తాతా, ఆవిడ వల్లే నా పని పోయింది. వెళ్ళకూడని రోజుల్లో వెళ్ళింది, వెళ్ళాల్సిన రోజు కదల్లేదు. ఇప్పుడు నేను పోతుంటే నన్ను కూర్చోబెట్టి నీళ్ళు మొయ్యమంటుందా?"

"ఆవిడకేం తెలుసు నీ పని సంగతి? నీళ్ళొచ్చాయి, తాగింది. మళ్ళీ వస్తాయనుకుంది. అలవాటు చేసింది నువ్వు."

"అయితే నువ్వే నీళ్ళు పొయ్యి."

"పోశాను పొద్దున, కుంటలోంచి ఓ బిందెడు. ముట్టలేదు."

అని వెళ్ళిపోయాడు. ఆయన అలాగే వెళ్ళిపోతాడు, మనసులో ముల్లు గుచ్చి.

నొయెలీ చాలాసేపు పెట్టె మీద కూర్చుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. ప్రిజాన్ మీదా, మేయరమ్మ మీదా, పెద్దావిడ మీదా, తన మీదా వంతులవారీగా తెచ్చుకుంది. తరవాత లేచి తొట్టి మూత తీసింది. అడుగున కాసిని నీళ్ళున్నాయి. వెళ్ళేముందు తల రుద్దుకుందామని, అక్క ముందు శుభ్రంగా నిలబడదామని దాచుకున్న నీళ్ళు. బిందెకి తాడు కట్టి తోడింది. తాడు చాలకపోతే బోర్లా పడుకుని చెయ్యి చాచి తోడింది. క్యాన్లు నిండాయి.

సైకిళ్ళకి తాళం. బండి కూడా ఆ తాళం వెనకే. ఊళ్ళో చేతిబండి అడిగితే ఎందుకని అడుగుతారు, చెబితే నవ్వుతారు. అందుకని రెండు చేతుల్లో రెండు క్యాన్లు పట్టుకుని నడిచింది. పది అడుగులకోసారి దింపింది. వేళ్ళు ఎర్రగా కమిలాయి. సైకిల్ మీద అంత దగ్గరగా ఉండే దిబ్బ ఆ రోజు వెనక్కి వెనక్కి జరుగుతున్నట్టనిపించింది. "రేపీపాటికి నేనుండను," అని దారంతా గొణిగింది. "నాకేం ఒరుగుతుంది ఇందులో? చెప్పు, ఏం ఒరుగుతుంది?" గాలి తప్ప వినేవాళ్ళు లేరు.

తాత అన్నది నిజం. పెద్దావిడ ఒళ్ళంతా నాచు పొట్టు రేగి ఉంది. ముట్టుకుంటే జ్వరం వచ్చినట్టు వేడి. నొయెలీ మొదట్లో నీళ్ళు పోసింది. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా, నెర్రెలు మూసుకునేదాకా ఆగి ఆగి. చివర్న మిగిలినవి అరచేతిలో పోసుకుని రాయికి రాసింది. అప్పుడు తన తల గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇదే ఆఖరు," అంది. "రేపట్నుంచి నువ్వే వెళ్ళాలి. కుంట ఎక్కడుందో తెలుసుగా? ఇదిగో, ఇటు."

కొంతదూరం నడిచి చప్పట్లు కొట్టి పిలిచింది. పెద్దావిడ కదల్లేదు. వెనక్కొచ్చి మళ్ళీ నడిచి చూపించింది. కదల్లేదు. "సరే నీ ఇష్టం," అని ఖాళీ క్యాన్లు ఊపుకుంటూ పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. మన చర్చిలో సాయంత్రం గంట కొడుతుంటే ఆమె గుమ్మం దగ్గర ఆగి, తలవంచి, పైకెళ్ళింది. తలకి గుడ్డ కట్టుకుని పడుకుంది.

తెల్లారింది. బస్సు చౌరస్తాలోకి వచ్చి హారన్ కొట్టింది. నొయెలీ పెట్టె పట్టుకుని మెట్లు దిగి, తలుపు లోపలికి లాగింది. ఎదురుగా వెలుగు లేదు. రాయి ఉంది.

గుమ్మానికి జానెడు ఎడంలో పెద్దావిడ నిలబడి ఉంది. వీధిలో మట్టి మీద ఈడ్చిన గాడి, మూలమలుపు దగ్గర గోడకి రాసుకున్న గీత. మనిషి ఒక్కతే పక్కకి తిరిగి బయటికి రావచ్చు. పెట్టె రాదు. నొయెలీ పెట్టెని నిలువుగా పెట్టి చూసింది, అడ్డంగా పెట్టి చూసింది, తల మీద ఎత్తి చూసింది. మన ఊళ్ళో బడి కిటికీలకి ఇనప ఊచలు, పిల్లలు పారిపోకుండా పూర్వం పెట్టినవి.

బస్సు డ్రైవరు దిగి వచ్చాడు. "వస్తున్నావా?"

"పెట్టె రావడం లేదు."

ఆయన పెద్దావిణ్ణి కిందా మీదా చూశాడు. "ఇక్కడుందేం ఈవిడ?"

"నీళ్ళకు వచ్చినట్టుంది," అన్నాడు అప్పుడే గొర్రెల్ని తోలుకొస్తున్న ఫుల్క్రాన్ తాత. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నాకు ఆలస్యమవుతోంది. లోయలో రైలు ఎక్కాల్సినవాళ్ళున్నారు."

"నువ్వు పోవయ్యా," అన్నాడు తాత.

బస్సు పోయింది. నొయెలీ పెట్టె మీద కూర్చుంది. తలుపుకీ రాయికీ మధ్య సందులోంచి పడ్డ వెలుగు ఆమె మోకాళ్ళ మీద గీతలా ఉంది. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు.

మేయరమ్మ జుట్టు దువ్వుకోకుండానే వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని గాడిని చూసింది, గోడ గీతని చూసింది, పెద్దావిణ్ణి చూసింది.

"ఈవిడకి నీళ్ళెవరు పోస్తారు ఇప్పుడు?"

"నేను పోస్తే ముట్టదు," అన్నాడు తాత. "పోసి చూశాను."

"కౌన్సిల్ వాళ్ళు పోస్తారా? గోధుమ విత్తనం పోస్తుందా?" మేయరమ్మ ఎవరినో దులుపుతున్నట్టు అంది. తరవాత సందులోకి ఒంగి, "నొయెలీ, పెట్టె పైకి తీసుకెళ్ళు," అంది. "గది ఖాళీ చెయ్యక్కర్లేదు. కౌన్సిల్‌కి నేను చెప్పుకుంటాను. అడిగితే వాళ్ళనే వచ్చి ఈవిణ్ణి జరపమంటాను."

"తొట్టిలో నీళ్ళు లేవు మదాం," అంది లోపల్నుంచి నొయెలీ. "నిన్న అయిపోయాయి."

మేయరమ్మ ఇంటికెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఊరికే ఉన్న చేతులు వచ్చేటప్పుడు ఊరికే లేవు, మూతపెట్టిన జగ్గుంది వాటిలో. దాన్ని సందులోంచి అందించింది. కాసేపటికి రొట్టెల వ్యాను దగ్గర సబ్బు మాటన్న ఆడమనిషి ఇంకో జగ్గు తెచ్చి గుమ్మం పక్కన పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళింది. తరవాత ఇంకొకరు. నొయెలీ పోసింది, పెద్దావిడ తాగింది. ఎండెక్కేసరికి వచ్చిన గాడిలోనే వెనక్కి బయల్దేరింది.

ఇప్పటికీ అంతే. పొద్దున్నే వస్తుంది, తాగి వెళ్తుంది. మేయరమ్మ సైకిళ్ళ తాళంచెవి తిరిగిచ్చేసింది. నొయెలీ దిబ్బదాకా సైకిల్ మీద పక్కనే మెల్లగా వెళ్తుంది, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు వెనకాల. మరీ నెమ్మదిగా నడుస్తుందని వాళ్ళ ఫిర్యాదు. సైకిల్ దారి మన ఊరి మీంచి పోలేదు, పోదు కూడా. నొయెలీ మొన్‌పెలియే పోలేదు.

లేవబోతున్నారు, ఒక్క మాట విని లేవండి. ఆమె గురువారం కోసం మోసిన నీళ్ళని మర్చిపోయినా ఫరవాలేదు, ఆ నీళ్ళు మనలో ఎవరైనా మోస్తాం. బస్సుకి ముందురోజు సాయంత్రం, తాళం పడ్డాక, పని పోయాక, ఇక ఏమీ రాదని తెలిసి, తల రుద్దుకోవాల్సిన నీళ్ళు రెండు చేతులా మోసుకెళ్ళింది చూడండి, దాన్ని గుర్తుంచుకోండి. మీ వల్ల అలవాటు పడి, మీ కోసం ఎదురు చూస్తూ నిలబడినవాళ్ళు మీకూ ఎక్కడో ఒక దిబ్బ మీద ఉండే ఉంటారు. మీకేమీ ఒరగని రోజున వాళ్ళ దగ్గరికి ఒక్కసారి నీళ్ళు తీసుకెళ్ళండి. వెళ్ళొచ్చాక ఇంకొకరికి చెప్పండి, నొయెలీ ఇలా చేసిందట అని. ప్రభువు మీ తొట్టెలు నింపుగాక.